ఓరుగల్లు కోటకు బురుజులు ఎన్ని?

వరంగల్‌లో పెరిగిన ఎవరినైనా ఈ ప్రశ్న అడిగి చూడండి. డెబ్బై అయిదనో, డెబ్బై ఏడనో ఠక్కున చెబుతారు. ఒక్కో బురుజుకు ఒక్కో నాయకుడు కాపలా ఉండేవాడని కూడా కలుపుతారు. చిన్నప్పటి నుంచి విన్న లెక్క కాబట్టి దాన్ని సరిచూడాలని ఎవరికీ అనిపించదు. సరిచూస్తే రాతికోట చుట్టూ తేలేవి 45.

మిగతా ముప్పై బురుజులు ఏమయ్యాయి? కూలిపోయాయా అంటే అదీ కాదు. రాతిగోడ చాలా మేరకు ఇప్పటికీ నిలిచే ఉంది. ఆ ముప్పై ఎక్కడి నుంచి వచ్చాయో వెతకబోతే కోట ఎలా పనిచేసేదో ముందు తెలుసుకోవాల్సి వస్తుంది. నాకైతే లెక్క కంటే అదే ఆసక్తిగా అనిపించింది.

ముందు మాట సంగతి. బురుజు తెలుగులో పుట్టిన మాట కాదు. అరబ్బీ ‘బుర్జ్’ పారశీకం మీదుగా దక్కనుకు వచ్చి మన నోట బురుజయింది. దుబాయ్‌లో ఆకాశాన్నంటే భవనం పేరులో ఉన్నదీ అదే మాట. మన పాత మాట కొత్తళం. ‘కోటలూ కొత్తళాలూ’ అని ఇప్పటికీ జంటగా అంటూనే ఉంటాం, కొత్తళమంటే ఏమిటని అడిగితే మాత్రం తడుముకుంటాం. కోటగోడలో నుంచి బయటికి పొడుచుకొచ్చిన దిట్టమైన కట్టడమే కొత్తళం. గోడ మీద నిలబడ్డవాడికి గోడ మొదలు కనిపించదు. తొంగి చూడాలంటే తల బయటపెట్టాలి, పెడితే కింది నుంచి బాణం వస్తుంది. అదే గోడలో నుంచి కాస్త ముందుకొచ్చిన బురుజు మీద నిలబడితే, పక్కకు చూస్తే చాలు గోడ పొడవునా కనిపిస్తుంది. నిచ్చెన వేసేవాడైనా, గునపంతో రాళ్లు పెకలించేవాడైనా బురుజు మీది విలుకాడికి పక్క నుంచి దొరికిపోతాడు. ఎత్తు నుంచి దూరాన్ని చూడటానికే బురుజులు కట్టారనుకుంటాం గానీ, వాటి అసలు పని పక్కగోడను కాయడం.

ఈ సూత్రం పట్టుకుని ఓరుగల్లు రాతికోటను కొలిచి చూద్దాం. కోట ఇంచుమించు గుండ్రంగా ఉంటుంది, వ్యాసం 1.2 కిలోమీటర్లు. అంటే చుట్టుకొలత 3.8 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. దాన్ని 45తో భాగిస్తే ఒక బురుజు నడిమి నుంచి మరో బురుజు నడిమికి సుమారు 84 మీటర్లు. బురుజులు చతురస్రంగా ఉంటాయి, ఒక్కో పక్క 12 నుంచి 18 మీటర్లు. ఆ మందం తీసేస్తే రెండు బురుజుల మధ్య మిగిలే గోడ 70 మీటర్లకు అటూ ఇటూ. అటు నుంచి సగం, ఇటు నుంచి సగం పంచుకుంటే ఒక్కో విలుకాడు కాయాల్సింది 35 మీటర్లు. గురి తప్పే దూరం కాదది. ఇదే చుట్టుకొలత మీద 77 బురుజులు పెట్టారనుకోండి, మధ్యలో మిగిలే గోడ ముప్పై అయిదు మీటర్లకు అటూ ఇటూ అవుతుంది. కట్టకూడదని కాదు, కట్టాల్సిన అవసరం లేదు. అంత గ్రానైటు చెక్కి, మోసి, పేర్చేవాడు అవసరం లేని ముప్పై బురుజులు సరదాకి కట్టడు.

ఇక కోట మొత్తం అమరిక. కాకతీయుల తొలి రాజధాని హనుమకొండ. పక్కనే ఓరుగల్లును రాజధానిగా తీర్చిదిద్దే పని గణపతిదేవుడి కాలంలో (1199–1262) ఊపందుకుంది. రాతికోట ఆయన మొదలుపెట్టాడని, కూతురు రుద్రమదేవి గోడ ఎత్తు పెంచి, దాని చుట్టూ మట్టికోట, అగడ్త ఏర్పాటు చేసిందని చరిత్రకారులు సాధారణంగా చెప్పే మాట. జనం నోట మాత్రం ఓరుగల్లుకు ఏడు కోటలు. నేల మీద స్పష్టంగా ఆనవాళ్లు చూపించేవి మూడు వలయాలు. నడుమ రాతికోట. దాన్ని చుట్టి 2.4 కిలోమీటర్ల వ్యాసంతో మట్టికోట, దాని ముందు దాదాపు 46 మీటర్ల వెడల్పు అగడ్త. ఇంకా బయట, పన్నెండు కిలోమీటర్లకు పైబడిన వ్యాసంతో హనుమకొండను కూడా కలుపుకుంటూ మరో మట్టిగోడ జాడలు.

కోట చూడటానికి వెళ్లేవాళ్లలో నూటికి తొంభై మంది మట్టికోటను చూడకుండానే దాటేస్తారు. దారికి అడ్డంగా ఒక పెద్ద మట్టిదిబ్బ, దాని మీద గడ్డీ పొదలూ. కారు అద్దంలో నుంచి చూస్తే చెరువు కట్టలా ఉంటుంది. నిజానికి అది చెరువు కట్టకు చుట్టమే. కాకతీయుల నేల చెరువుల నేల. రామప్ప, పాకాల, లక్నవరం చెరువుల కట్టలు ఎనిమిది వందల ఏళ్లుగా నీటి బరువును ఆపుతున్నాయి. మట్టిని పొరలు పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస కొట్టి గట్టిపరచడం ఇక్కడి చేతులకు వచ్చిన విద్య. అగడ్త తవ్విన మట్టే గోడవుతుంది, గోడ ఎంత లేస్తే అగడ్త అంత లోతవుతుంది. రాయి కోసం గుట్టకు పోనక్కర్లేదు, బండి కట్టనక్కర్లేదు. లోపల నీళ్లు నిలిపే కట్టను బయట నీళ్లు నిలిపే కట్టగా తిప్పినట్టు.

మరి మట్టి అంత గట్టిదా? ఈ ప్రశ్నకు జవాబు మనవాళ్ల దగ్గర కన్నా దాడికి వచ్చినవాళ్ల దగ్గరే బాగా దొరుకుతుంది.

ఢిల్లీ సుల్తాను అల్లావుద్దీన్ ఖిల్జీ 1303లో పంపిన మొదటి సైన్యం ఓరుగల్లును పట్టలేక తిరిగిపోయింది. 1309 చివర్లో సేనాని మాలిక్ కాఫూర్ ఢిల్లీ నుంచి బయల్దేరి 1310 జనవరికి ఇక్కడికి చేరాడు. ఆ దండయాత్రను ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో పారశీకంలో రాసిపెట్టాడు. సుల్తాను గెలుపును పొగడటానికి రాసిన రాత కాబట్టి అందులో అతిశయం లేకుండా ఉండదు. అయినా మట్టికోట గురించి ఆయన చెప్పిన రెండు ముక్కలు చూడండి. ఉక్కు బల్లెం పొడిచినా ఆ గోడలో దిగదట. పెద్ద రాళ్లు విసిరే యంత్రంతో గుండు విసిరితే, పిల్లలు ఆడుకునే గింజలా ఎగిరి వెనక్కి వస్తుందట.

కవి అల్లిన పోలికే కావచ్చు, వెనక ఉన్న సంగతి మాత్రం పచ్చి నిజం. రాతిగోడకు గుండు తగిలితే ఆ దెబ్బ రాయి నుంచి రాయికి పాకుతుంది. ఒక రాయి పగిలినా, కదిలినా పైవరస కుంగుతుంది. ఓరుగల్లు రాతిగోడలో రాళ్లను సున్నం లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చారు కాబట్టి అక్కడ బలమంతా బరువుదీ అమరికదీ. మట్టిగోడ అలా కాదు. తగిలిన దెబ్బను అక్కడికక్కడే మింగేస్తుంది. గుంట పడుతుంది, అంతే. రాత్రికి నాలుగు తట్టల మట్టి పోసి తొక్కితే గుంట పూడుతుంది. తెల్లారేసరికి బయటివాడి శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరు.

ఇంకో లెక్క కూడా ఉంది. మట్టికోటకూ రాతికోటకూ మధ్య దూరం సుమారు 600 మీటర్లు. ఆనాటి రాళ్లు విసిరే యంత్రాలు మూడొందల మీటర్లు దాటించడమే కష్టం. మట్టికోట చేతిలో ఉన్నంతవరకు శత్రువు యంత్రాలు రాతిగోడను తాకనైనా తాకలేవు. మనం ఫొటోలు తీసుకునే రాతి బురుజులకు ఆ అర కిలోమీటరు ఖాళీ స్థలమే అసలు కవచం. బయటి వలయాలను కోటకు కంచె అనుకుంటాం గానీ, ఓరుగల్లులో యుద్ధమంతా జరిగింది ఆ కంచె దగ్గరే.

1310లోనూ అదే జరిగింది. ఢిల్లీ సైన్యం కోట చుట్టూ దిగి, రాత్రి దాడులు తట్టుకోవడానికి తమ గుడారాల చుట్టూ చెక్కతో కంచె కట్టుకుంది. ఆ కంచె మీద కోట తరఫు రౌతులు రాత్రిపూట విరుచుకుపడ్డారు గానీ నిలవలేకపోయారు. తర్వాత అగడ్తను ఒకచోట మట్టితో పూడ్చి, గోడకు గండి కొట్టి, సైన్యం మట్టికోట దాటింది. గమనించారా, మట్టిని జయించింది మళ్లీ మట్టే. ఇక ముందు మిగిలింది రాతికోట, దాని అగడ్త. ఆ 45 బురుజులకు అసలు పరీక్ష ఎదురయ్యే ఘడియ అది. సరిగ్గా అప్పుడే కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు సంధికి వచ్చాడు. తన బంగారు బొమ్మ చేయించి, దాని మెడలో గొలుసు వేసి, లొంగిన గుర్తుగా పంపాడని ఖుస్రో రాశాడు. ఏనుగులు, గుర్రాలు, నిధి మూటలు ఢిల్లీ దారి పట్టాయి. రాతి బురుజులు పరీక్ష రాయకుండానే బయటపడ్డాయి.

అది పిరికితనమా? ఆవేశంగా మాట్లాడేవాళ్లు అలా అంటారు. నాకలా అనిపించదు. రాతికోట లోపల రాజు, నగరం నడిబొడ్డున స్వయంభూ శివాలయం, ఖజానా, వేలమంది జనం. బయటి వలయం పోయాక చేతిలో మిగిలిన పెట్టుబడిని బేరంలో పెట్టి రాజ్యాన్ని నిలుపుకున్నాడు. ఆ బేరంతో కాకతీయ రాజ్యం ఇంకో పదమూడేళ్లు బతికింది.

1318లో ఖుస్రో ఖాన్ సైన్యంతో మళ్లీ కథ మొదలైంది. (ఈయన సేనాని. కవి అమీర్ ఖుస్రో వేరు. ఇద్దరినీ ఒకరే అనుకుని రాసేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు.) ఈసారీ బయటి కోట చేజారాక సంధి కుదిరింది. ఢిల్లీ నుంచి వచ్చిన గొడుగు, రాజలాంఛనాలు అందుకుని, కోట ప్రాకారం మీద నిలబడి ఢిల్లీ దిక్కుకు తిరిగి ప్రతాపరుద్రుడు వంగి నమస్కరించాల్సి వచ్చింది. అందరికీ కనిపించేంత ఎత్తులో జరగాలి కాబట్టి ఆ తంతుకు కోటగోడే వేదికైంది.

చివరి ఘట్టం తుగ్లక్‌ల కాలానిది. ఘియాసుద్దీన్ తుగ్లక్ కొడుకు ఉలుఘ్ ఖాన్ 1321లో వచ్చి నెలల తరబడి కోటను చుట్టుముట్టాడు. ఇతనే తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్. కోట చెక్కు చెదరలేదు. పైగా ఢిల్లీలో సుల్తాను చనిపోయాడన్న పుకారు శిబిరంలో పాకి, సేనానులు ఎవరి దారి వారు చూసుకున్నారు. ఉలుఘ్ ఖాన్ దేవగిరి దాకా వెనక్కి తగ్గాడు. బురుజుల వల్ల కాని పని ఒక్క పుకారు చేసింది. 1323లో మళ్లీ వచ్చాడు, ఈసారి వదలలేదు. దాదాపు ఐదు నెలల ముట్టడి తర్వాత ప్రతాపరుద్రుడు లొంగిపోయాడు. ఢిల్లీకి తీసుకుపోతుండగా నర్మద ఒడ్డున ప్రాణం విడిచాడని తర్వాత కొన్నేళ్లకే వేసిన విలస తామ్రశాసనం చెబుతుంది. ఓరుగల్లు పేరు సుల్తాన్‌పూర్‌గా మారింది. స్వయంభూ ఆలయాన్ని కూల్చారు. దాని నాలుగు దిక్కులా నిలిచిన తోరణాలను మాత్రం ఉంచేశారు. ఇవాళ తెలంగాణ చిహ్నంలో చూసేది ఆ తోరణాన్నే.

ఇప్పుడు ఆ డెబ్బై అయిదు దగ్గరికి వద్దాం.

కోట పడిన సరిగ్గా నూరేళ్లకు, 1423లో, కలువచేరు తామ్రశాసనం వెలువడింది. వేయించినది అనితల్లి అనే రాణి. ఓరుగల్లును ఢిల్లీ చేతి నుంచి విడిపించిన ముసునూరి కాపయ నాయకుడిని డెబ్బై అయిదు మంది నాయకులు సేవించారని అందులో ఉంది. ఆ సంఖ్య వచ్చింది ప్రతాపరుద్రుడి తర్వాతి తరం గురించి చెబుతూ. ఆ శాసనంలో నాయకులున్నారు, వాళ్లను బురుజుల మీద నిలబెట్టిన కథ లేదు. ఆ తర్వాత మరో వందేళ్ల పైచిలుకు గడిచాక, 16వ శతాబ్దంలో, ఏకామ్రనాథుడు ప్రతాపచరిత్ర రాశాడు. నాయకులు ప్రతాపరుద్రుడి కొలువులోకి చేరి, ఒక్కొక్కరు ఒక్కో బురుజు కాసే కథ అక్కడి నుంచి జనంలోకి పాకింది. రచన రచనకూ, నోటి నోటికీ సంఖ్య డెబ్బై అయిదుకూ డెబ్బై ఏడుకూ మధ్య ఊగుతూ వచ్చింది. ఆ తర్వాత అందరికీ కావాల్సిన కథ అయింది. ఓరుగల్లు పడ్డాక ఆంధ్ర దేశమంతా చెదిరిపోయిన వీరుల వంశాలు తమ మూలపురుషుణ్ణి వెతుక్కుంటే, ఆ పురుషుడు ఓరుగల్లులో ఒక బురుజు మీద కత్తి పట్టుకుని కనిపించాడు. ఒక్కో కులం వాళ్ల కథలో ఆ నాయకులంతా తమవాళ్లే. అందరికీ చోటు ఇవ్వాలంటే 45 ఎలా సరిపోతాయి?

మట్టికోట బురుజులను కూడా కలిపితే లెక్క సరిపోతుందేమో అని సర్దిచెప్పొచ్చు. ఆ ప్రయాస అక్కర్లేదు. ముందు నాయకుల సంఖ్య పుట్టింది, తర్వాత ఆ సంఖ్యకు సరిపడా బురుజులు పుట్టాయి. గోడను చూసి ఎవరూ లెక్కపెట్టలేదు.

అలాగని కథంతా కట్టుకథ అని కొట్టిపారేయడానికీ లేదు. రుద్రమ, ప్రతాపరుద్రుల కాలపు శాసనాల్లో ‘నాయంకరం’ అనే మాట వస్తుంది. రాజు ఒక నాయకుడికి ఊళ్ల రాబడి ఇస్తాడు, బదులుగా ఆ నాయకుడు సైన్యాన్ని పోషించి రాజు పిలిచినప్పుడు తెస్తాడు. ఇలా సైన్యం తెచ్చిన నాయకులకే కోట కాపలా పంచి ఉంటారనుకోవడంలో తప్పేమీ లేదు. మట్టికోట చుట్టుకొలతే ఏడున్నర కిలోమీటర్లు. మీటరుకు ఒకడిని నిలబెట్టినా ఒక్క విడతకు 7500 మంది కావాలి. పగలూ రాత్రీ వంతులు వేసుకుంటే ఆ సంఖ్య రెట్టింపు. ఒక్క రాజు ఖజానాతో అంతమందిని ఏడాది పొడవునా పోషించడం అయ్యే పని కాదు. కాబట్టి కథలో సంఖ్య తప్పు, ఏర్పాటు మాత్రం నమ్మదగ్గదే.

ఇంత జనాన్ని గోడ మీదికి చేర్చే ఏర్పాటు రాతికోట లోపలి వైపు ఇప్పటికీ చూడొచ్చు. గోడకు ఆనించి లోపల మట్టి వాలు పోసి, దాని మీద పద్దెనిమిది రాతిమెట్లు చుట్టూరా పరిచారు. మామూలు కోటల్లో గోడ ఎక్కడానికి అక్కడొకటి ఇక్కడొకటి సన్నటి మెట్లదారి ఉంటుంది. ముట్టడి హడావిడిలో అక్కడ తోపులాట తప్పదు. ఇక్కడ ఎవడు ఎక్కడుంటే అక్కడి నుంచే పైకి పరుగెత్తొచ్చు. స్టేడియంలో మెట్ల వరసలు గుర్తొస్తాయి. నా దృష్టిలో ఓరుగల్లు కోటలో అన్నిటికంటే తెలివైన పని ఇదే. ఫొటోల్లో బాగా రాదు, అందుకే ఎవరూ చెప్పుకోరు.

ద్వారాల దగ్గర మరో తెలివి ఉంది. లోపలికి వచ్చినవాడు నేరుగా నడిచి నగరంలోకి దిగలేడు. గోడల మధ్య మలుపు తిరగాలి. తలుపులు బద్దలుకొట్టడానికి ఏనుగును ఉసిగొల్పితే దానికి పరుగు తీసేంత జాగా ఉండదు. మలుపు తిరిగే లోపు మూడు వైపుల నుంచి దెబ్బలు కాచుకోవాలి.

ఈ తెలివంతా బాణానికీ బల్లేనికీ రాతిగుండుకూ సరిపోయింది. ఫిరంగి వచ్చాక లెక్క తప్పింది. చతురస్రపు బురుజుకు రెండు బలహీనతలున్నాయి. దాని ముందు ముఖానికి సరిగ్గా ఎదురుగా వచ్చినవాడు పక్క బురుజుల వాళ్ల కంటికి చిక్కడు. పైగా ఇనపగుండు మూలకు తగిలితే ఆ మూల ఊడిపడుతుంది. గుండ్రటి బురుజుకు మూల ఉండదు, గుండు జారిపోయే అవకాశం ఎక్కువ. గోల్కొండ బయటి ప్రాకారంలో 87 బురుజులను అర్ధవలయాకారంలో, ఫిరంగులు ఎక్కించేంత దిట్టంగా కట్టింది అందుకే. వరంగల్ మాత్రం అప్పటికి చేతులు మారుతూ వచ్చింది. రేచర్ల నాయకులు, బహమనీలు, 1504 నాటి శాసనంలో కనిపించే చితాబు ఖాన్, ఆపైన కుతుబ్‌షాహీలు. రాజధాని కాని కోటను పూర్తిగా కొత్త పద్ధతిలో తిరిగి కట్టే ఖర్చు ఎవరు పెడతారు? ఎవరి కాలంలో వారు ద్వారాల దగ్గర కొంత మార్చి, కొంత చేర్చి సరిపెట్టారు. అలా మరిచిపోబట్టే కాకతీయుల చతురస్రపు కొత్తళాలు చాలావరకు వాటి పాత రూపంలోనే మనకు మిగిలాయి.

గోల్కొండ 87 బురుజులు మాత్రం ఏం చేయగలిగాయి? 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించాడు. మందుపాతరలు పేలిస్తే అవి వెనక్కి తన్ని మొఘలు సైనికులనే పొట్టన పెట్టుకున్నాయి. చివరికి లోపలి మనిషి ఒకడు రాత్రివేళ తలుపు తీశాడు.

ఓరుగల్లు మట్టికోటను ఇప్పుడు ఏ సైన్యమూ ముట్టడించదు. వాన కోస్తుంది, ఇళ్లు మీదికి పాకుతాయి, రోడ్లు చీల్చుకుంటూ పోతాయి. ఈసారి ఖిలా వరంగల్ వెళ్తే తోరణాల దగ్గరికి ఆటోలో నేరుగా పోకండి. మట్టికోట దగ్గరే దిగి నడవండి. కట్ట ఎక్కి వెనక్కి తిరిగితే ఒకప్పటి అగడ్త పల్లం కనిపిస్తుంది. ముందుకు చూస్తే ఆ అర కిలోమీటరు దూరం, దాని చివర రాతిగోడ. అక్కడి నుంచి బురుజులు లెక్కపెట్టడం మొదలుపెట్టొచ్చు. మొత్తం చుట్టి రావడానికి గంటన్నర పడుతుంది, ఎండాకాలంలో అయితే నీళ్ల సీసా మరిచిపోవద్దు.